నాజిల్ పట్టేస్తే బలం పనికిరాదు

నస్పూర్, శ్రీరాంపూర్ చుట్టుపక్కల బొగ్గుబాయిలో పని చేసినవాళ్లు చాలామందే ఉన్నారు. బొగ్గు తీసిన ఖాళీలను ఇసుకతో నింపే పద్ధతి వాళ్లకు తెలిసిందే. ఇసుకను నీళ్లలో కలిపి గొట్టం గుండా కిందికి వదులుతారు. ముందు ఉత్త నీళ్లు, తర్వాత ఇసుక నీళ్లు, చివరికి మళ్లీ ఉత్త నీళ్లు. నీళ్లు తగ్గి ఇసుక ఎక్కువైతే గొట్టం పట్టేస్తుంది.

చేలో స్ప్రేయర్ నాజిల్, ఇంటి వెనక గోబర్ గ్యాస్ గొట్టం పట్టేసేది కూడా ఇలాగే. కారణం తెలిస్తే మందు, పొద్దు రెండూ మిగులుతాయి.

రాపిడితోనే తంటా

పలుచటి మిశ్రమంలో రేణువుల మధ్య నీటి పొర ఉంటుంది. బండి ఇరుసుకు పూసిన కందెనలాగా అది పనిచేస్తుంది. మిశ్రమం చిక్కబడ్డాక గట్టిగా నెడితే ఆ పొర నిలవదు. రేణువుకు రేణువు తగిలి రాసుకుంటాయి. ఒకదానికొకటి ఆనుకుని కమానులాగా నిలబడతాయి. ఇక ఎంత నెట్టినా కదలవు.

ఒకే సైజు నున్నటి గుండ్లయితే, నూరు లీటర్ల మిశ్రమంలో దాదాపు 64 లీటర్ల మేర గుండ్లు నిండేదాకా అది పారగలదు. రాపిడి బాగా ఉంటే 55-58 లీటర్ల దగ్గరే బిగుసుకుంటుంది. చిక్కటి మిశ్రమం ఒత్తిడికి గట్టిపడటంలో ఈ రాపిడి పాత్రను 2013లో న్యూయార్క్ సిటీ కాలేజీకి చెందిన సెటో, మారి, మోరిస్, డెన్ కంప్యూటర్ లెక్కలతో చూపించారు.

దీన్ని ఇంట్లోనే చూడవచ్చు. కిరాణా దుకాణంలో కార్న్‌ఫ్లోర్ పేరుతో అమ్మే మక్క గంజిపిండి రెండు గ్లాసులు తీసుకుని, సుమారు ఒక గ్లాసు నీళ్లు కలపండి. వేలు మెల్లగా పెడితే దిగుతుంది. పిడికిలితో గుద్దితే రాయిలా ఆపేస్తుంది. చెయ్యి తీస్తే మళ్లీ పారుతుంది.

రైతులు ఏం చేయాలి?

* నీళ్లలో కలిపే పొడి మందును నేరుగా ట్యాంకులో పోయవద్దు. బకెట్లో కొద్ది నీళ్లతో, కట్టెతో ఉండలు లేకుండా కలపాలి. తర్వాత పలుచన చేసి, గుడ్డలో వడగట్టి పోయాలి. ఈ నీళ్లు కూడా మొత్తం లెక్కలోకే వస్తాయి. మందు మోతాదు డబ్బాపై రాసినంతే ఉండాలి.

* ట్యాంకులో మందు పలుచగానే ఉన్నా, కదపకుండా వదిలేస్తే పొడి అడుగున పేరుకుని అక్కడ చిక్కబడుతుంది. కొట్టేటప్పుడు మధ్యమధ్య ట్యాంకును కదపాలి.

* నాజిల్ పట్టేస్తే ఇంకా పంపు కొట్టవద్దు. ఒత్తిడి పెరిగినకొద్దీ రేణువులు రంధ్రం దగ్గర మరింత బిగుస్తాయి. ముందు ఒత్తిడి తీసేయాలి. చేతి తొడుగులతో నాజిల్ విప్పి, వెనుక వైపుకు నీళ్లు పోసి మెత్తటి బ్రష్‌తో కడగాలి. నోటితో ఊదితే మందు ఒంట్లోకి పోయి ప్రాణం మీదికి వస్తుంది. పిల్లలతో కూడా ఊదించవద్దు.

* గోబర్ గ్యాస్‌కు పచ్చి పెండ ఒక పాలు, నీళ్లు ఒక పాలు కలపాలి. ఇసుక, గడ్డి పరకలు ఏరేయాలి. గొట్టం పట్టేస్తే కట్టెతో కుళ్లబొడవకుండా, నీళ్లు పోస్తూ మెల్లగా కదపాలి. తొట్టిలోకి మాత్రం ఎవరూ దిగవద్దు. లోపలి గ్యాస్‌తో ఊపిరాడదు.

* పని ముగిశాక స్ప్రేయర్‌లో ఉత్త నీళ్లు పోసి కొట్టాలి. బొగ్గుబాయిలో చివరికి ఉత్త నీళ్లు వదిలేది ఇందుకే. కడిగిన నీళ్లు చెరువులో, బాయిలో పడకుండా చూసుకోవాలి.

చిక్కటి మిశ్రమం మొరాయిస్తే ముందు ఒత్తిడి తగ్గించి, నీళ్లతో వదులు చేయండి. పది నిమిషాల ఈ ఓపికతో పంపు వాషర్లు, మందు ఖర్చు కలిసి వస్తాయి.