పిల్లి పక్క తడిపితే

గత నెల ఆరో తరగతి పిల్లలకు ‘మై పెట్’ అని కాంపోజిషన్ ఇచ్చాను. ఎక్కువ మంది కుక్కల మీద రాశారు. ఒక బాబు మాత్రం వాళ్ల పిల్లి గురించి రాశాడు. దాని రంగు, అది తినే తిండి, నిద్రపోయే చోటు అన్నీ చక్కగా రాసి, చివరి వాక్యంలో ‘ఆదివారం డాడీ దాన్ని సంచిలో పెట్టి రైతుబజారు దగ్గర వదిలేస్తారు’ అని ముగించాడు. ఆ వాక్యంలో దిద్దడానికి తప్పులేమీ లేవు.

సాయంత్రం వాళ్లమ్మగారికి ఫోన్ చేశాను. చెప్పడానికి కాస్త మొహమాటపడ్డారు. రెండేళ్లుగా లిట్టర్ బాక్స్‌లోనే మూత్రం పోసే మగ పిల్లి, కొత్త ఫ్లాట్‌లోకి మారినప్పటి నుంచి బాబు పక్క మీద, స్కూల్ బ్యాగు మీద పోస్తోందట. తిట్టారు, తడిలో దాని ముక్కు పెట్టి రుద్దారు, రెండు దెబ్బలు కూడా వేశారు. “కావాలని కసితో చేస్తోంది టీచర్‌గారూ” అన్నారు. పేరెంట్స్ మీటింగ్‌లో ఇంకో ఇద్దరు కూడా ఇదే సమస్య చెప్పారు కాబట్టి, ఆ ఇంటివాళ్ల అనుమతి తీసుకుని ఇది రాస్తున్నాను.

పిల్లి కసితో పక్క తడపదు. నొప్పి ఉండాలి, బాక్స్ నచ్చకపోయి ఉండాలి, లేదా దేనికో బెదిరి ఉండాలి. కొడితే ఈ మూడింటిలో ఒక్కటీ తగ్గదు. మీకు కనబడకుండా సోఫా వెనక్కి వెళ్లి పోయడం మాత్రం నేర్చుకుంటుంది.

ఆవిడను నేనడిగిన మొదటి ప్రశ్న వేరు. “మూత్రం ధారగా, బాగానే వస్తోందా?” అని. పిల్లి మాటిమాటికీ బాక్స్‌లోకి వెళ్లి కూర్చుంటున్నా, ముక్కుతున్నా, చుక్క చుక్కగా మాత్రమే పోస్తున్నా, అరుస్తున్నా, అందులో రక్తం కనిపించినా అది అలవాటు సమస్య కాదు, జబ్బు. మగ పిల్లుల మూత్రనాళం చాలా సన్నగా ఉంటుంది. స్ఫటికాలో, జిగురు పదార్థమో అడ్డుపడితే పూర్తిగా మూసుకుపోతుంది. అప్పుడు రక్తంలో పొటాషియం పెరిగి గుండె ఆగిపోయే ప్రమాదం ఉంది. ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం పోవచ్చు. కాబట్టి రాత్రయినా సరే, తెల్లారేదాకా ఆగకండి.

ఇది నేను పుస్తకంలో చదివి చెప్పడం లేదు. బీఈడీ చదివే రోజుల్లో మా ఇంటి పిల్లి రెండు రోజులు కాలుగాలిన పిల్లిలాగే తిరిగింది. గదిలో అక్కడక్కడా చుక్కలు కనిపిస్తే కోప్పడి తుడిచాను. మూడో రోజు ఆసుపత్రికి తీసుకెళ్లేసరికి ఆలస్యమైపోయింది.

ధార బాగానే ఉన్నా ఒకసారి వెట్ డాక్టర్‌కు చూపించి మూత్రపరీక్ష చేయించండి. హైదరాబాద్‌లో నారాయణగూడ ప్రభుత్వ పశువైద్యశాల, రాజేంద్రనగర్‌లో వెటర్నరీ కాలేజీ ఆసుపత్రి, అటు తిరుపతిలో వెటర్నరీ యూనివర్సిటీ ఆసుపత్రి ఉన్నాయి. పెద్ద వయసు పిల్లి నీళ్లు ఎక్కువ తాగి, ఎక్కువ మూత్రం పోస్తుంటే కిడ్నీ జబ్బో షుగరో అయ్యుండవచ్చు. కీళ్లనొప్పులుంటే బాక్స్ అంచు దాటలేక బయటే పోస్తుంది. ఒక హెచ్చరిక: నొప్పి కదా అని ఇంట్లో ఉన్న పారాసిటమాల్ మాత్ర వేయకండి. పిల్లికి అది విషం, ఒక్క మాత్ర చాలు ప్రాణం తీయడానికి.

డాక్టర్ జబ్బేమీ లేదన్నాక బాక్స్ సంగతి చూడాలి. మన పిల్లుల పూర్వీకులు ఉత్తర ఆఫ్రికా, పశ్చిమాసియా ఎడారి ప్రాంతాల అడవి పిల్లులు. తక్కువ నీటితో బతకడానికి వాటి కిడ్నీలు మూత్రాన్ని బాగా చిక్కబరుస్తాయి. ఆ ఘాటు అందుకే. పొడి ఇసుకలో తవ్వి, పోసి, కప్పెట్టడం కూడా ఆ ఎడారి అలవాటే. అలాంటి జంతువుకు మనం ఇరుకు డబ్బా ఇచ్చి, అడుగున రెండు గుప్పెళ్లు లిట్టర్ చల్లి, మూడు రోజులకోసారి శుభ్రం చేస్తాం. ఫ్లష్ చేయని టాయిలెట్‌లోకి వెళ్లమంటే మన పిల్లలు వెళ్తారా?

బాక్స్ పొడవు పిల్లి ముక్కు నుంచి తోక మొదలు వరకు ఉండే పొడవుకు ఒకటిన్నర రెట్లు ఉండాలి. షాపుల్లో అమ్మే బాక్సులు చాలావరకు చిన్నవే. ప్లాస్టిక్ సామాన్ల కొట్లో పెద్ద టబ్బు కొని, ఒక వైపు అంచు కిందికి కోసి, గరుకు లేకుండా నున్నగా చేస్తే సరిపోతుంది. వాసన లేని, సన్నగా ఉండే, గడ్డకట్టే రకం లిట్టర్ రెండు మూడు అంగుళాల మందాన పోయండి. లావెండర్ వాసన లిట్టర్ మన ముక్కు కోసం తయారైంది, పిల్లి కోసం కాదు. రోజుకు రెండుసార్లు గడ్డలు తీసేయాలి. ఒక పిల్లికి రెండు బాక్సులు, రెండు పిల్లులకు మూడు, అదీ వేర్వేరు చోట్ల. డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్‌లో ఇది ఎక్కువే అనిపిస్తుంది, నాకూ అనిపించింది. కానీ పక్కపక్కన పెట్టిన రెండు బాక్సులు పిల్లి లెక్కలో ఒకటే. అన్నం గిన్నె పక్కన బాక్స్ పెట్టకండి. బాత్రూమ్‌లో పెట్టేవాళ్లు రాత్రి అలవాటుగా బయట గడియ వేస్తుంటారు, అదొకటి చూసుకోండి.

తడిసిన చోట ఫినాయిల్ పోయడం మనందరి అలవాటు. చాలా ఫినాయిళ్లలో, డెట్టాల్ లాంటివాటిలో ఉండే ఫీనాల్ తరహా రసాయనాలను పిల్లి కాలేయం సరిగా విరగ్గొట్టలేదు. పాదాలకు అంటినది నాకితే లోపలికి పోతుంది. బ్లీచింగ్ పౌడర్ అయితే మూత్రంలోని అమ్మోనియాతో కలిసి హానికరమైన వాయువు పుట్టిస్తుంది, అది మనకూ ప్రమాదమే. ఉత్త నీళ్లతో కడిగితే యూరిక్ ఆమ్లం పూర్తిగా పోదు. వానాకాలం గాలిలో తేమ పెరగ్గానే వాసన మళ్లీ లేస్తుంది, పిల్లి మళ్లీ అక్కడికే వస్తుంది. ముందు పాత గుడ్డతో అద్ది, తర్వాత పెట్ షాపుల్లో దొరికే ఎంజైమ్ క్లీనర్ వేసి, సీసా మీద రాసినంత సేపు నాననివ్వండి. పరుపు అయితే రెండు మూడుసార్లు చేయాల్సి వస్తుంది.

తోక నిలువుగా ఎత్తి, వణికిస్తూ, గోడ మీదకో కర్టెన్ మీదకో కొద్దిగా చిమ్మితే అది వేరే సంగతి. అది తన హద్దు గుర్తుపెట్టుకోవడం. ఆపరేషన్ చేయించని మగ పిల్లుల్లో ఎక్కువ. ఐదారు నెలల వయసులో ఆపరేషన్ చేయిస్తే చాలావరకు తగ్గుతుంది.

ఇక బెదురు. ఇల్లు మారడం, కొత్త పాపాయి రావడం, దీపావళి టపాసులు, కిటికీ అవతల వీధి పిల్లి తిరగడం, వీటిలో ఏదైనా చాలు. పరీక్షల నెలలో మన ఇళ్లలో పెరిగే కేకలు కూడా దానికి వినిపిస్తాయి. ఈ ఒత్తిడితోనే, క్రిములేమీ లేకుండా మూత్రాశయం వాచే జబ్బు పిల్లుల్లో మామూలే.

కారణం కనిపెట్టే పని పిల్లలకు అప్పగించండి. బాక్స్ శుభ్రం చేసే పని కాదు, అది పెద్దవాళ్లదే. గర్భిణులు మాత్రం దాని జోలికి పోకూడదు, పిల్లి మలం ద్వారా టాక్సోప్లాస్మా సోకవచ్చు. పిల్లలు చేయాల్సింది ఒక నోట్‌బుక్‌లో రాయడం: తేదీ, సమయం, ఏ చోట, ఎంత తడి, ఆ రోజు ఇంట్లో ఏం జరిగింది. తర్వాత ఒక్కసారికి ఒక్క మార్పే చేసి, వారం పది రోజులు చూడాలి. బాక్స్, లిట్టర్, చోటు మూడూ ఒకే రోజు మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు. సైన్స్ పీరియడ్‌లో వేరియబుల్ అంటే ఏమిటో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

ఊరవతల వదిలేయడం గురించి ఒక మాట. ఆకలిదప్పులతో బాధపడేలా పెంపుడు జంతువును అకారణంగా వదిలేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం. ఈ సంగతి ఆ బాబు వాళ్ల నాన్నగారికి నేను చెప్పలేదు. ఒక నెల గడువు మాత్రం అడిగాను. ఆయన “చూద్దాం లెండి” అన్నారు.

మూత్రపరీక్షలో ఏమీ తేలలేదు. బాబు పద్దెనిమిది రోజులు రాశాడు. ఏడుసార్లు పక్క తడిస్తే, అందులో ఆరుసార్లు ఉదయం వాషింగ్ మెషీన్ వేసిన రోజులే. కొత్త ఫ్లాట్‌లో లిట్టర్ బాక్స్ వాష్ ఏరియాలో, సరిగ్గా ఆ మెషీన్ పక్కనే పెట్టారట. దాన్ని హాల్ బాల్కనీ మూలకు మార్చారు. తర్వాతి రెండు వారాల్లో ఒక్కసారే తడిసింది, అదీ చుట్టాలు వచ్చిన రోజు. పిల్లి ఇంట్లోనే ఉంది. స్కూల్ బ్యాగు మాత్రం ఎన్నిసార్లు ఉతికినా లాభం లేక కొత్తది కొన్నారు.