ట్రినిడాడ్‌కు టికెట్టు కొనే ముందు

లాలాగూడ, సికింద్రాబాద్

బిడ్డా,

నువ్వు కరీబియన్ దీవులకు పోదామనుకుంటున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. "నువ్వైనా వద్దని చెప్పన్నా" అని బతిమాలింది కూడా. నేను వద్దనను. కానీ ఐదు రోజులు రిసార్టులో పడుకుని నీలం నీళ్ళు చూసి రావడానికైతే మాత్రం పోకు. అలాంటి నీళ్ళు మన అండమాన్‌లో ఉన్నాయి, పొద్దున విమానమెక్కితే మధ్యాహ్నానికి కాళ్ళు తడుపుకోవచ్చు. భూమికి అవతలి పక్కకు పోతున్నప్పుడు అక్కడ తప్ప ఇంకెక్కడా దొరకనిదాని కోసం పోవాలి. అందుకే నువ్వు రాసుకున్న లిస్టులోంచి మిగతా దీవులు తీసేసి ట్రినిడాడ్ ఒక్కటి పెట్టుకోమంటాను. రిటైరయ్యాక మీ బావను చూడ్డానికి అమెరికా పోయినప్పుడు నేను, మీ అత్త అక్కడికి కూడా పోయొచ్చాం కాబట్టి ధైర్యంగా చెప్తున్నా.

అక్కడ పది మందిలో ముగ్గురు నలుగురు మనవాళ్ళ ముఖాలతోనే ఉంటారు. బానిసత్వం 1838లో పూర్తిగా రద్దయ్యాక చెరకు తోటలకు మనుషులు కరువై, తెల్ల దొరలు మన దేశం నుంచి ఒప్పందపు కూలీలను తెప్పించుకున్నారు. మొదటి ఓడ ఫతేల్ రజాక్ 1845 మే 30న చేరింది. 1917 దాకా దాదాపు 1,43,000 మంది దిగారు. ఎక్కువమంది కలకత్తా రేవులో ఎక్కినవాళ్ళు, కొంతమంది మద్రాసులో. మద్రాసు ఓడల్లో తమిళులతో పాటు మన తెలుగు కూలీలూ ఉన్నారు. మారిషస్‌లో తెలుగు ఇంకా బడిలో చెప్తున్నారు గానీ ట్రినిడాడ్‌లో నిలవలేదు. 'మద్రాసీ' అన్న పేరొకటి మిగిలింది, అమ్మవారి పూజలు మిగిలాయి. ఆ కూలీల రిజిస్టర్లు రాజధాని పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లోని నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. 2011లో యునెస్కో వాటిని ప్రపంచ స్మృతి జాబితాలో చేర్చింది. నువ్వు చరిత్ర చదివినదానివి, ఒక పూట అక్కడ గడుపు.

వాటర్‌లూ అనే ఊళ్ళో సముద్రంలో కట్టిన గుడి ఉంది. తప్పకుండా చూడు. శివదాస్ సాధు అనే కూలీ 1947లో చెరకు కంపెనీ భూమిలో గుడి కట్టుకుంటే, తీసెయ్యమన్నారు. తీయనన్నందుకు జైల్లో పెట్టారు, గుడి కూల్చేశారు. నేల మీద చోటివ్వకపోతే సముద్రంలో కడతానని ఆయన సైకిల్ మీద రాళ్ళు, సిమెంటు మోసుకుపోయి ఏళ్ళ తరబడి ఒక్కడే కట్టాడు. 1970లో పోయాడు. అలలకు దెబ్బతిన్న ఆ గుడిని 1995లో మళ్ళీ కట్టి నిలబెట్టారు. మేము పోయినప్పుడు ఆటు సమయం, చుట్టూ బురద తేలి ఉంది. పక్కనే శ్మశానఘాటు. గట్టు మీద వెదురు కర్రలకు ఎర్రవి, పసుపువి జెండాలు. మీ అత్త చెప్పులు విడిచి నిలబడి ఏడ్చింది. నాకూ గొంతు పట్టుకుంది.

తిండికి బెంగ పెట్టుకోకు. పొద్దున్నే రోడ్డు పక్కన డబుల్స్ అమ్ముతారు. మెత్తగా వేయించిన రెండు చిన్న రొట్టెలు, వాటి మీద ఉడికించిన శనగల కూర, పైన పచ్చి మామిడి తురుము పచ్చడి, చింతపండు రసం. కాగితంలో మడిచి చేతికిస్తాడు. మిరప ఎంత వెయ్యాలో అతనే అడుగుతాడు. మనం తెలుగువాళ్ళం గదా అని "బాగా వెయ్యి" అనేవు, ఆ మిరపకాయ వేరే రకం, కళ్ళ వెంట నీళ్ళు కారతాయి. కొంచెం చాలు.

ఇక జాగ్రత్తలు. అన్నిటికంటే ముందు ఎల్లో ఫీవర్ టీకా. ట్రినిడాడ్ నుంచి మన దేశంలో దిగేవాళ్ళ దగ్గర ఆ సర్టిఫికెట్ లేకపోతే విమానాశ్రయం నుంచే క్వారంటైన్‌కు పంపుతారు, ఆరు రోజుల దాకా. టీకా వేసుకున్న పది రోజుల తర్వాతే సర్టిఫికెట్ చెల్లుతుంది, ఆ తర్వాత జీవితాంతం పనికొస్తుంది. నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేస్తారు. టూరు ప్యాకేజీ అమ్మేవాళ్ళు చాలామంది ఈ మాటే ఎత్తరు.

రెండోది దారి. మన దగ్గర్నుంచి నేరుగా విమానం లేదు. అమెరికా మీదుగా పోతే అక్కడ విమానం మారడానికి కూడా వీసా కావాలి. లండన్ మీదుగా, ఆమ్‌స్టర్‌డామ్ మీదుగా దారులున్నాయి. ట్రాన్సిట్ నిబంధనలు, ట్రినిడాడ్ ప్రవేశ నిబంధనలు టికెట్టు డబ్బు కట్టే రోజునే మళ్ళీ చూసుకో. టైము మనకంటే తొమ్మిదిన్నర గంటలు వెనక, మొదటి రెండు రోజులు నిద్రకే పోతాయి. ఈ ఖర్చుకు, ఈ అలసటకు రెండు వారాలైనా ఉండకపోతే గిట్టుబాటు కాదు.

మూడోది నేరాలు. ఇది మీ అమ్మ భయం, అందులో నిజముంది. పదిహేను లక్షల జనాభా లేని దేశంలో 2024లో ఆరు వందలకు పైగా హత్యలు జరిగాయి. ఆ డిసెంబరు 30న ప్రభుత్వం ఎమర్జెన్సీ ప్రకటించింది. చాలావరకు ముఠా తగాదాలే, అయినా దోపిడీకి నువ్వెవరన్నది అక్కర్లేదు. పోర్ట్ ఆఫ్ స్పెయిన్ తూర్పు పేటల్లోకి పోవద్దు. చీకటి పడ్డాక నడవొద్దు. మెడలో గొలుసు ఇంట్లోనే పెట్టిపో. కారెక్కే ముందు నంబరు ప్లేటు చూడు, టాక్సీ నంబరు హెచ్ అక్షరంతో మొదలవుతుంది. మిలిటరీ మచ్చల డిజైను ప్యాంటు, చొక్కా సర్దుకోకు, అక్కడ అవి వేసుకోవడం నేరం.

ఇక అక్కడ తిరగడానికి రైలు లేదు. మన లాలాగూడ వర్క్‌షాపు 1893లో పెడితే అక్కడ 1876లోనే రైలు నడిచింది, 1968లో మూసేశారు. రైల్వేలో బతుకు గడిపిన నాకు ఆ సంగతి కష్టమనిపించింది. ఇప్పుడు బస్సులు, మ్యాక్సీ టాక్సీలనే మినీ బస్సులే దిక్కు. దూరాలకు మాత్రం బస చేసిన ఇంటివాళ్ళు చెప్పిన డ్రైవరునే పెట్టుకో. పెద్ద హోటళ్ళ కంటే స్థానిక కుటుంబాలు నడిపే గెస్ట్‌హౌసులు మేలు, నీ డబ్బూ ఆ ఊళ్ళోనే ఉంటుంది.

ఎప్పుడు పోవాలంటే, మార్చి నెలాఖరు నుంచి ఏప్రిల్ దాకా. కార్నివాల్ రోజుల్లో గదుల అద్దె మండిపోతుంది, అది దాటాక పో. వానలు జూన్‌లో మొదలవుతాయి. హరికేన్లు ట్రినిడాడ్‌ను అరుదుగా తాకుతాయి, పైనున్న దీవులంత భయం లేదు. మార్చి నుంచి రాత్రిళ్ళు గ్రాండ్ రివియేర్ ఒడ్డుకు పెద్ద సముద్రపు తాబేళ్ళు గుడ్లు పెట్టడానికొస్తాయి. గైడు, పర్మిట్ తప్పనిసరి. లా బ్రే దగ్గర దాదాపు వంద ఎకరాల తారు చెరువు ఉంది, దాని మీద నడవొచ్చు. మెత్తటి చోట్లుంటాయి కాబట్టి అక్కడా గైడు వెనకే నడువు.

స్నానానికి మారకస్ బీచ్ బాగుంటుంది గానీ లోపలికి లాగే ప్రవాహాలుంటాయి, జెండాలు పెట్టిన చోట తప్ప దిగకు. అట్లాంటిక్ వైపు 2011 నుంచి నాచు కుప్పలుగా కొట్టుకొస్తోంది, వాసన భరించలేం. శుభ్రమైన నీళ్ళు కావాలంటే చివరి మూడు రోజులు పక్క దీవి టొబాగోకు పో.

ఇంకొకటి. పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లోని క్వీన్స్ పార్క్ ఓవల్ క్రికెట్ మైదానం గేటు దగ్గర కాసేపు ఆగు. 1971 మార్చిలో వెస్టిండీస్ మీద మనదేశం మొదటిసారి టెస్టు గెలిచింది అక్కడే. వికెట్ కీపర్ కృష్ణమూర్తి, అబిద్ అలీ మన హైదరాబాదువాళ్ళు. అప్పట్లో ఈ రైల్వే క్వార్టర్లలో ఆ పేర్లు తలచుకోని ఇల్లు లేదు.

మీ అమ్మకు నేను నచ్చజెప్తాను. ఒంటరిగా కాకుండా ఒక స్నేహితురాలిని తోడు తీసుకుపో, ఆ ఒక్కటీ నా కోసం చెయ్యి. ముందు నారాయణగూడలో టీకా తేదీ తీసుకుని నాకు ఫోన్ చెయ్యి, తర్వాతే టికెట్టు.

ఇట్లు,
మీ మామ