ఆర్క్‌రైట్

పూర్వము ఇంగ్లండునందు రైతుల యిండ్లలో పిండిని, ధాన్యమును దాచుటకు పెద్ద కొయ్యపెట్టె లుండెడివి. ఉత్తరప్రాంతమువారు దానిని 'ఆర్క్' అనెడివారు. ఇది 'ఆర్కా' అను లాటిను పదమునుండి పుట్టినది. 'రైట్' అనగా పనివాడు; 'సరియైన' అను నర్థముగల మాటకును దీనికిని సంబంధము లేదు. బండ్లు చేయువాడు కార్ట్‌రైట్ అయినట్లే, పెట్టెలు చేయువాడు ఆర్క్‌రైట్ అయ్యెను. ఓకు దుంగలను చీల్చి పలకలు దీసి, ఇనుపమేకులు లేకయే కొయ్యచీలలతో బిగించుట వీరి నేర్పు.

మధ్యయుగములలో ఇట్టి వృత్తినామములు పలువురకు వంశనామములైనవి. వడ్రంగులు దేశమంతటను గలరు. 'ఆర్క్' అను మాట వాడుకలో నిలిచినది మాత్రము ముఖ్యముగా ఉత్తరముననే. కావుననే కార్పెంటర్, రైట్ అను పేళ్ల వలెగాక ఈ యింటిపేరు అరుదయ్యెను. లాంకషైరు మండలము దీనికి పుట్టినిల్లు.

ఆ మండలమందలి ప్రెస్టన్ పట్టణమున 1732లో రిచర్డ్ ఆర్క్‌రైట్ జన్మించెను. పేరునందు పెట్టె యున్నను అతని వృత్తి క్షౌరము, కృత్రిమకేశముల తయారీ. అతడు 1769లో నూలు వడకు యంత్రమునకు పేటెంటు పొంది, 1771లో డార్బీషైరునందలి క్రామ్‌ఫర్డున నీటిబలముచే నడచు మిల్లును నెలకొల్ప నారంభించెను. అట్టి మిల్లుల నూలును, బట్టయు పందొమ్మిదవ శతాబ్దమున తెలుగుతీరమునను దిగి, రాట్నము వడకి జీవించు స్త్రీల కూలిని హరించినవి.