పిల్లాణ్ణి ఎవరి చేతుల్లో పెడుతున్నాం?



నీ ఉత్తరం అందింది. బాబుకి వచ్చే నెలకి రెండున్నరేళ్లు నిండుతాయనీ, నువ్వు మళ్లీ ఉద్యోగంలో చేరాలనీ, ఆఫీసు దగ్గరి డే కేర్, కాలనీలో ప్లే స్కూలు, పెద్ద స్కూలువాళ్ల నర్సరీ మూడూ చూసొచ్చినా ఏదీ తేలడం లేదనీ రాశావు. పైగా ఆ పెద్ద స్కూలువాళ్లు, ఇప్పుడు చేర్చకపోతే తర్వాత సీటు దొరకదన్నారట. ముందు ఆ భయం పక్కన పెట్టు. ఒకటో తరగతికి ఆరేళ్లు నిండాలని 2020 జాతీయ విద్యా విధానమే చెప్పింది. వాడికి మూడేళ్లు నిండాక కూడా ఇంకో మూడేళ్ల వ్యవధి ఉంది. అంత చిన్నవాడి విషయంలో తొందరంతా స్కూలువాళ్లదే.

నువ్వు పంపిన కాగితంలో ఫీజులు ఉన్నాయి, ఏసీ ఉంది, ఫోన్లో చూసుకునే కెమెరా ఉంది, సిలబస్ పేరు ఉంది. ఆయమ్మ గురించి ఒక్క ముక్క లేదు. రోజులో ఎక్కువసేపు వాడు గడిపేది ఆవిడ దగ్గరేనమ్మా. మూడేళ్లలోపు బిడ్డకి చదువు చెప్పేవాళ్లకన్నా, ఏడిస్తే ఎత్తుకునే మనిషి ముఖ్యం. ఆ మనిషి రోజూ ఒకరే అయి ఉండాలి. కాబట్టి మళ్లీ వెళ్లినప్పుడు ప్రిన్సిపాల్‌ని కాదు, ఆయమ్మనే అడుగు: ఎన్నాళ్లుగా చేస్తున్నావు, నీకంటే ముందు ఎవరుండేవారు, ఆవిడ ఎందుకు మానేసింది అని. చాలాచోట్ల జీతం చాలకే మానేస్తారు. ఆయమ్మలు నెలకొకరు మారే చోట, వాడికి ఒక చేయి అలవాటయ్యేలోపు ఆ చేయి వెళ్లిపోతుంది. కెమెరా నీకు ధైర్యమిస్తుందేమో గానీ వాణ్ణి ఎత్తుకోదు.

ఒక ఆయమ్మ చేతికింద ఎంతమంది పిల్లలున్నారో లెక్కపెట్టు. 2013లో కేంద్రం తెచ్చిన పసిపిల్లల సంరక్షణ, విద్యా విధానం మూడేళ్లలోపువాళ్లు పదిమందికి ఒకరు, మూడు నుంచి ఆరేళ్లవాళ్లు ఇరవై మందికి ఒకరు ఉండాలంది. నన్నడిగితే పసివాళ్ల విషయంలో పదిమంది కూడా ఎక్కువే. నలుగురైదుగురిని మించితే అన్నం కూడా హడావిడిగా కుక్కేస్తారు.

పొద్దున పదింటికి వెళ్లకు. ఆ వేళకి అంతా ముస్తాబై ఉంటుంది. పన్నెండు గంటలప్పుడు వెళ్లు. అన్నాలు తినే వేళ, ప్యాంట్లు తడుపుకునే వేళ, నిద్రకి చిరాకుపడే వేళ అది. నేను అంగన్‌వాడీల సూపర్‌వైజరుగా ఊళ్లు తిరిగే రోజుల్లో ఒక కేంద్రంలో చూశాను. ఒకటే గది, గోడకి సున్నం పెచ్చులు ఊడుతున్నాయి. టీచరు పాట పాడిస్తుంటే ఒక పిల్లాడు నిలబడినచోటే తడిపేసుకున్నాడు. ఆవిడ పాట ఆపలేదు. పాడుతూనే వాడి చేయి పట్టుకుని తలుపు చాటుకి తీసుకెళ్లి కడిగి, సంచిలోంచి పొడి నిక్కరు తీసి తొడిగింది. మిగతావాళ్లు చప్పట్లు కొడుతూనే ఉన్నారు. ఒక్కరూ నవ్వలేదు. వాడు ముక్కు తుడుచుకుంటూ వచ్చి, రెండో చరణంలో కలిసిపోయాడు. నా తనిఖీ ఫారంలో ఇది రాసుకోవడానికి గడి లేదు. కానీ నా బిడ్డనైనా ఆవిడ దగ్గర నిశ్చింతగా వదిలేదాన్ని.

అంగన్‌వాడీ అనగానే నువ్వు మొహం చిట్లిస్తావని తెలుసు. 1975 అక్టోబరు 2న మొదలైన ఈ పథకం మన పల్లెల్లో ఎన్ని లక్షలమందికి తొలి బడి అయిందో మరిచిపోకు. లోపాలూ చెబుతాను. రిజిస్టర్లు, బరువులు తూయడం, ఫోన్లో పోషణ్ ట్రాకర్ నింపడం, పైనుంచి వచ్చే సర్వేలు, వీటితోనే టీచరు పొద్దంతా గడిచిపోతుంది. ఆటపాటలకి మిగిలేది ఎంత? సాయంత్రం దాకా ఉండదు గనుక నీ ఉద్యోగానికి కుదరదు కూడా. కానీ మీ అమ్మ అడిగినట్టు వాణ్ణి కొన్నాళ్లు ఊళ్లో ఉంచితే, మూడేళ్లు నిండాక అక్కడి కేంద్రానికి పంపడానికి వెనకాడకు. వేడన్నం, గుడ్డు, తెలుగులో కబుర్లు దొరుకుతాయి. ఇంగ్లీషు వెనకబడుతుందన్న బెంగ వద్దు. సొంత భాషలో ధారాళంగా మాట్లాడే పిల్లలకి ఇంకో భాష తేలిగ్గానే వస్తుంది.

ఆ ప్లే స్కూలు బోర్డు మీద మాంటిసోరి అని ఉందన్నావు. ఆ పేరు ఎవరైనా రాసుకోవచ్చు. 1907లో రోమ్ నగరంలో పేదల వాడలో మరియా మాంటిసోరి తన మొదటి బాలగృహం తెరిచింది. 1939లో మద్రాసు వచ్చి అడయారులో మనవాళ్లకి శిక్షణ ఇచ్చింది. ఆ పద్ధతిలో మూడేళ్లవాడూ ఐదేళ్లవాడూ ఒకే గదిలో ఉంటారు. ఏ వస్తువుతో పని చేయాలో పిల్లలే ఎంచుకుంటారు. నువ్వెళ్లిన చోట అందరూ ఒకేసారి ఒకే పేజీకి రంగు వేస్తుంటే, వస్తువులు అందనంత ఎత్తున బీరువాలో ఉంటే, అది బోర్డు వరకే. మన దేశంలోనే గిజూభాయి బధేకా 1920లో భావనగర్‌లో బాలమందిరం నడిపాడు. ఆయన ‘పగటి కల’ తెలుగులో ఉంది. కథంతా నాలుగో తరగతి పిల్లలదే అయినా, పిల్లల్ని ఎలా గమనించాలో తెలుస్తుంది. చదువు.

రాత విషయం గట్టిగా చెబుతున్నాను. పెద్దవాళ్ల మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలుంటాయి. మూడేళ్లవాళ్లలో వాటిలో చాలావరకు ఇంకా గట్టిపడవు, మృదులాస్థిగానే ఉంటాయి. అలాంటి చేతికి పెన్సిలిచ్చి నాలుగు గీతల పుస్తకంలో పేజీలు నింపమనడం అన్యాయం. బాసరలోనో ఇంట్లోనో బియ్యంలో అక్షరాభ్యాసం చేయించు, ముచ్చటే. మర్నాటి నుంచి మాత్రం చపాతీ పిండి, ఇసుక, చిక్కుడుకాయలు ఒలవడం ఇవ్వు. హోంవర్క్ ఇచ్చే నర్సరీ అయితే ఎంత పేరున్నదైనా వద్దు.

నీ ఆఫీసు సంగతి. 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించాక, 50 మంది, అంతకు మించి పనిచేసే సంస్థలో పిల్లల సంరక్షణ కేంద్రం ఉండాలి. రోజుకి నాలుగుసార్లు, విశ్రాంతి సమయంతో కలుపుకుని, తల్లి వెళ్లి బిడ్డని చూసి రావచ్చు. హెచ్.ఆర్. వాళ్లని కాగితం మీద అడుగు. మొహమాటపడకు.

ఇప్పటికైతే నా మాట ఇది: ఆయమ్మ నచ్చితే ఆఫీసు దగ్గరి డే కేరే మంచిది, గబుక్కున చేరుకోగలవు. మూడు దాటాక మూడు నాలుగు గంటల ప్లే స్కూలు చూద్దాం. చేర్చేటప్పుడు మొదటివారం సెలవు పెట్టు. రెండురోజులు వాడి పక్కనే కూర్చో, తర్వాత కాసేపు బయటికి వెళ్లి రా, ఆ వ్యవధి కొంచెం కొంచెంగా పెంచు. వాడు ఆటలో పడ్డాడు కదా అని చెప్పకుండా జారుకోకు. ఏడ్చినా సరే, చెప్పే వెళ్లు, చెప్పిన వేళకి రా. ఈ బుధవారం మధ్యాహ్నం ఆ డే కేర్‌కి మళ్లీ వెళ్లి, ఆయమ్మ ఏమందో నాకు వివరంగా రాయి.

ఆశీస్సులతో,
పెద్దమ్మ