క్యాన్ అడుగున 7 అంకె ఉంటే?

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. ఇప్పుడు మూడో నెల. మా ఇంట్లో తాగేది 20 లీటర్ల క్యాన్ నీళ్లే. క్యాన్ అడుగున త్రికోణంలో 7 అని ఉంది. అందులోని బీపీఏ హార్మోన్లను దెబ్బతీస్తుందని మా ఆడపడుచు అంటోంది. నాకు ముందే పీసీఓడీ ఉంది. అదీ ఈ నీళ్ల వల్లే వచ్చిందా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: మీ ఆడపడుచు మాటను కొట్టిపారేయలేనమ్మా. 7 అంటే ‘ఇతర ప్లాస్టిక్కులు’. గాజులా నిగనిగలాడే గట్టి క్యాన్ అయితే చాలావరకు పాలికార్బొనేటే. దాన్ని బిస్ఫినాల్-ఎతో, అంటే బీపీఏతో తయారుచేస్తారు. ఇది ఈస్ట్రోజెన్‌లా పనిచేస్తుందని 1930ల్లోనే తెలుసు. లండన్‌లో చార్లెస్ డాడ్స్ హార్మోన్ మందు కోసం వెతుకుతూ దీన్నీ పరీక్షించారు. ఇంకా బలమైనది దొరకడంతో దీన్ని పక్కన పెట్టారు. 1950ల్లో అదే ప్లాస్టిక్‌కు ముడిసరుకైంది. అంత తెలిసీ పసిపిల్లల పాలసీసాల దాకా ఎలా రానిచ్చారంటే, నా దగ్గర మర్యాదైన జవాబు లేదు. యూరప్‌లో ఆ సీసాలను నిషేధించింది 2011లో. ఎంతవరకు ఫర్వాలేదన్న పరిమితిని అక్కడి ఆహార భద్రతా సంస్థ 2023లో ఏకంగా 20 వేల రెట్లు తగ్గించింది. అంత తగ్గింపు అక్కర్లేదన్న శాస్త్రజ్ఞులూ ఉన్నారు.

ఇక పీసీఓడీ. అది ఉన్నవారి రక్తంలో బీపీఏ ఎక్కువగా ఉన్నట్టు కొన్ని అధ్యయనాల్లో కనిపించింది. కానీ ఏది ముందో తేలలేదు. పురుష హార్మోన్ పెరిగితే శరీరం బీపీఏను వదిలించుకోవడం నెమ్మదిస్తుందన్న వాదనా ఉంది. కాబట్టి నింద క్యాన్ మీద వేయలేను.

చల్లటి నీళ్లలోకి దిగేది తక్కువే. వేడి తగిలితే, క్యాన్ పాతబడి గీతలు పడితే పెరుగుతుంది. ట్రాలీ ఆటోలో ఎండకు మాడి వచ్చిన క్యాన్లు వద్దు. నీళ్లు రాగానే స్టీలు బిందెలోకి వంచుకోండి. వేడి సాంబారు ప్లాస్టిక్ డబ్బాలో పోయకండి. పార్సిల్ టీ పాలిథిన్ కవర్లో బీపీఏ ఉండదు గానీ, కాగే టీని అందులో పోయడం నాకెప్పుడూ నచ్చదు. షాపు బిల్లుల నున్నటి కాగితంలోనూ బీపీఏ ఉండొచ్చు. శానిటైజర్ రాసుకున్న చేత్తో పట్టుకోకండి. ‘బీపీఏ ఫ్రీ’ అని రాసి ఉన్నంత మాత్రాన నిశ్చింత వద్దు, దాని బదులు వాడే బీపీఎస్ కూడా అదే కుటుంబం.

ఒంట్లో చేరిన బీపీఏ చాలావరకు ఒక్క రోజులో మూత్రంలో పోతుంది. దానికోసం రక్తపరీక్షలు అక్కర్లేదు. మీకు కావలసిన పరీక్షలు వేరు. పీసీఓడీ ఉన్నవారికి గర్భంతో షుగర్ వచ్చే అవకాశం ఎక్కువ. అది ఇప్పుడే ఒకసారి, 24–28 వారాల మధ్య మళ్లీ చూపించుకోండి. థైరాయిడ్ కూడా.