కాలువ ఎక్కడికి పోతుంది?

రెండో సంవత్సరం సెలవుల్లో ఇంటికెళ్లినప్పుడు మా నాన్నను అడగకూడని ప్రశ్న ఒకటి అడిగాను. "నాన్నా, ఆ కాలువలో సిమెంటు తగ్గించావా?"

నాన్న మా ఊరి మున్సిపాలిటీలో చిన్నాచితకా పనులు చేసే కాంట్రాక్టరు. అంతకుముందు ఏడాది మా వెనక వీధిలో 200 మీటర్ల సిమెంటు కాలువ కట్టాడు. మొన్నటి వానకి ఆ కాలువ పొంగి ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. మూలమీద ఇడ్లీ బండి పెట్టుకునే అత్త మా గుమ్మం ముందు నిలబడి, "ఏం అన్నయ్యా, కాలువ లేనప్పుడే బాగున్నాం గదా!" అంది. నాన్న బదులు చెప్పలేదు. ఆ మౌనమే నాకు అనుమానం పుట్టించింది.

నా ప్రశ్నకి కూడా ఆయన జవాబివ్వలేదు. బీరువాలోంచి ఫైలు తీసి నా ముందు పడేసి, "సివిలేగా చదువుతున్నావు, నువ్వే చూసుకో" అన్నాడు. ఆ వారం రోజుల్లో నేను నేర్చుకున్నదే ఈ వ్యాసం.

మొదటి కాగితం: టెండరు

ఇంజనీరింగ్ విభాగం ప్రభుత్వ రేట్ల పట్టిక, అంటే ఎస్ఎస్ఆర్, ప్రకారం ఎస్టిమేట్ వేస్తుంది. దానికి పరిపాలనా అనుమతి, సాంకేతిక అనుమతి వచ్చాక టెండరు పిలుస్తారు. కాంట్రాక్టర్లు ఆ మొత్తం మీద ఎంత శాతం తక్కువకు చేస్తారో రాస్తారు. దీన్నే మావాళ్లు 'లెస్ వేయడం' అంటారు. ఈ పని ఎస్టిమేట్ 10 లక్షలు. నాన్న 18 శాతం లెస్ వేశాడు. అంటే చేతికొచ్చేది 8 లక్షల 20 వేలు. మిగిలిన 1 లక్షా 80 వేలు ఎక్కణ్ణుంచి వస్తాయి?

సిమెంటులోంచి వస్తాయనుకున్నాను. లెక్క వేశాను. కాలువ లోపలి కొలత 45 సెంటీమీటర్ల వెడల్పు, 45 లోతు. గోడలు, అడుగు 15 సెంటీమీటర్ల మందం. మీటరుకు సుమారు 0.25 ఘనపు మీటర్ల కాంక్రీటు, మొత్తం 200 మీటర్లకు 50. ఎం-20 కాంక్రీటుకు 1:1.5:3 పాళ్లలో ఘనపు మీటరుకు 8 బస్తాలు పడుతుంది. దొంగతనంగా 1:2:4 కలిపితే ఆరుంబావు. మిగిలేది మొత్తం మీద 85 బస్తాలు. బస్తా 350 అనుకుంటే 30 వేలు కూడా కాదు.

మరి మందం తగ్గిస్తే? 15 సెంటీమీటర్ల చోట 10 పోస్తే కాంక్రీటు 50 నుంచి 31కి పడిపోతుంది. కూలీతో కలిపి ఘనపు మీటరుకు 6 వేలనుకున్నా లక్ష దాటుతుంది. అసలు దొంగతనం జరిగే చోటు అదన్నమాట. దాన్ని పట్టుకోడానికి ల్యాబ్ అక్కర్లేదు, టేపు చాలు. అడుగు మందం పూత కింద దాక్కుంటుంది గానీ గోడ అంచు దాక్కోలేదు.

పొద్దున్నే టేపు పట్టుకుని వెళ్లాను. నేను ఇరవై చోట్ల కొలుస్తుంటే వీధి వీధంతా చూసింది. ఎక్కడ పెట్టినా 15. ఏఈ గారు ఎం-బుక్‌లో రాసిన కొలతా అదే.

ఇంటికొచ్చి అడిగితే నాన్న అప్పుడు చెప్పాడు. "లెస్ రాసిన రోజే నా లాభం పోయింది. వానాకాలం లోపు మనవాళ్లకి పని ఉండాలని వేశాను. మిషను, మేస్త్రీలు ఖాళీగా ఉంటే అంతకంటే ఎక్కువ పోతుంది."

రెండో కాగితం: బడ్జెట్

మరి కాలువ ఎందుకు పొంగింది? నీళ్ల గొట్టంతో లెవెల్ చూశాం. 200 మీటర్లకు 1 మీటరు వాలు, డ్రాయింగులో ఉన్నట్టే ఉంది. చివరికి వెళ్లి చూస్తే ఒక కొత్త లేఅవుట్ ప్రహరీ. కాలువ ఆ గోడ దగ్గర ఆగిపోయింది. అవతల 150 మీటర్ల దూరంలో చెరువు అలుగు వాగు ఉంది.

"ఇక్కడే ఎందుకాపారు?" అంటే ఎస్టిమేట్‌లో ఛైనేజీ 0 నుంచి 200 వరకే ఉంది. ఎందుకంటే ఆ పనికి దొరికింది 10 లక్షలే.

మనం ఆస్తి పన్ను, ఖాళీ స్థలాల పన్ను, నీటి చార్జీలు, ప్లాన్ అనుమతుల ఫీజులు కడతాం. మా ఊరిలాంటి చోట అందులో చాలా భాగం జీతాలకు, పారిశుద్ధ్యానికి, కరెంటు బిల్లులకు పోతుంది. పైనుంచి వచ్చే ఆర్థిక సంఘం నిధులకు షరతులుంటాయి. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి మా ఊరిలాంటి పట్టణాలకు ఇచ్చిన గ్రాంటులో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యం వంటి పనులకే కట్టేసింది. మిగతా 40 శాతం స్వేచ్ఛగా వాడుకోవచ్చు గానీ జీతాలకు వాడకూడదు. ఆ కొంచెం కోసం వార్డులన్నీ ఎదురుచూస్తాయి. కౌన్సిల్‌లో ఎవరినీ నొప్పించకుండా పంచితే తలా ఒక ముక్క వస్తుంది. మా వార్డుకు వచ్చిన ముక్క 200 మీటర్లు. డబ్బు ఆగిన చోట కాలువ ఆగింది. నీళ్లు మాత్రం ఆగలేదు.

మూడో కాగితం: మాస్టర్ ప్లాన్

మా వీధికి ఎగువన పదేళ్ల కిందట పొలాలుండేవి, సుమారు 10 హెక్టార్లు. ఇప్పుడు ఇళ్లు, సిమెంటు రోడ్లు. మనం హైడ్రాలజీలో చదివే సూత్రమే ఇక్కడ పెట్టి చూడండి: ప్రవాహం = సి × ఐ × ఏ ÷ 360. గంటకు 30 మిల్లీమీటర్ల వాన అనుకుందాం. పొలాలకు 'సి' 0.3 వేస్తే సెకనుకు 0.25 ఘనపు మీటర్లు. కాలనీకి 0.7 వేస్తే 0.58. నాన్న కట్టిన కాలువ ఆ వాలుతో మోయగలిగేది దాదాపు 0.27. పొలాల నీళ్లకు సరిగ్గా సరిపోతుంది, కాలనీ నీళ్లలో సగం కూడా మోయలేదు. పైగా చివర గోడ!

భూమి వాడకం మారినప్పుడు కాలువ కొలత కూడా మారాలి. దానికోసమే మాస్టర్ ప్లాన్. 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ మున్సిపాలిటీలకు అప్పగించదగ్గ 18 అంశాల జాబితా ఇచ్చింది. అందులో మొదటిదే పట్టణ ప్రణాళిక. అనుమతి ఉన్న లేఅవుట్‌లో రోడ్లతో పాటు 10 శాతం ఖాళీ స్థలం గిఫ్ట్ డీడ్ ద్వారా స్థానిక సంస్థకు ఇవ్వాలి. 2012 భవన నిర్మాణ నియమాల ప్రకారం 10 మీటర్ల లోపు వెడల్పున్న వాగుకు, కాలువకు 2 మీటర్లు, అంతకంటే వెడల్పైతే 9 మీటర్లు వదిలి కట్టాలి. కానీ అనుమతి లేని లేఅవుట్‌లో రోడ్డే మున్సిపాలిటీ చేతికి రాదు. ఇక కాలువకు దారెక్కడ?

ఎస్టిమేట్ ఇంజనీరింగ్ విభాగంలో, బడ్జెట్ అకౌంట్స్‌లో, మ్యాపు టౌన్ ప్లానింగ్‌లో ఉంటాయి. ఒకే ఆఫీసులో మూడు గదులు. మూడు ఫైళ్లనూ ఒకే బల్ల మీద పరిచి చూసినవాళ్లు లేరు. పరిచింది ఆ వాన ఒక్కటే, ఇడ్లీ అత్త ఇంట్లో.

చివరిగా ఒక మాట నాన్నను అడిగాను. "పని చేసేటప్పుడు ఆ గోడ నువ్వు చూడలేదా?"

"చూశాను. చెప్పాను కూడా. ఎస్టిమేట్‌లో ఉన్నంతే చేయమన్నారు. లేని పని చేస్తే బిల్లు రాదు." కాసేపాగి అన్నాడు: "కాగితం మీద రాసి ఇవ్వాల్సింది. నోటితో చెప్పి ఊరుకున్నాను." ఆ రోజు ఆయన అత్తకు జవాబు చెప్పలేకపోయింది ఇందుకే.

మనం ఏం చేయొచ్చు?

2005 సమాచార హక్కు చట్టంలో సెక్షన్ 2(జె) ఉంది. రికార్డుల నకళ్లు అడగడమే కాదు, జరుగుతున్న పనిని తనిఖీ చేయొచ్చు, సామగ్రి నమూనాలు కూడా తీసుకోవచ్చు. సాధారణంగా 30 రోజుల్లో జవాబివ్వాలి. మీ వీధిలో కాలువ మొదలైతే మూడు ప్రశ్నలు అడగండి. మందం ఎంత? ఎగువ నుంచి ఎన్ని హెక్టార్ల నీళ్లొస్తాయి? చివర ఎక్కడ కలుస్తుంది? మూడోదానికి జవాబు లేకపోతే మొదటి రెండూ సరిగ్గా ఉన్నా లాభం లేదు.

నేనూ నాన్నా కలిసి ఈ లెక్కలన్నీ రెండు పేజీల్లో రాసి, లేఅవుట్ రోడ్డు పక్కగా వాగు దాకా 150 మీటర్ల గీత గీసి మున్సిపల్ ఆఫీసులో ఇచ్చాం. రసీదు తీసుకున్నాం. అక్కడి ఇంజనీరు గారు చదివి, "ఈ 10 హెక్టార్లు ఎలా తీశావు?" అని ఒక్క ప్రశ్న అడిగారు. శాటిలైట్ మ్యాపు చూపించాను. ఫైలు పెడతానన్నారు. కొత్త ఎస్టిమేట్ ఇంకా రాలేదు. ఆ పనికి టెండరు పిలిస్తే ఈసారి లెస్ ఎంత వేస్తావని నాన్నను అడిగాను. "ముందు గోడ దాటనీ" అన్నాడు.

ఇడ్లీ అత్త మాత్రం గుమ్మానికి అడ్డంగా రెండు వరసల ఇటుకలు కట్టించుకుంది. కట్టింది నాన్నే, డబ్బులు తీసుకోలేదు.