ఉచిత క్రీడ, గానుగెద్దు శ్రమ

సెల్‌ఫోను క్రీడలలో మునిగిన మన విద్యార్థులు తరచు వాడే మాట ఒకటి ఉన్నది: గ్రైండింగ్. రుబ్బటం అని దాని అర్థం. ఒక ఆయుధం కొరకో, ఒక మెట్టు పైకి పోవటానికో చేసిన పనినే వందల సార్లు చేయవలసి రావటాన్ని ఆ మాట సూచిస్తుంది. తెలుగులో గానుగెద్దు అనీ, ఉర్దూలో కోల్హూ కా బైల్ అనీ మనం ఎవరిని అంటామో ఈ ఆటగాడు ఆ కోవకు చెందినవాడే. అయితే గానుగెద్దు తిరిగితే నూనె అయినా వస్తుంది.

పరీక్షలకు ముందు ఒక విద్యార్థి నా వద్దకు వచ్చి, తానాడే ఆట ప్రాణం విసిగిస్తున్నదని మొరపెట్టుకున్నాడు. "విసుగైతే మానుకోరాదా?" అన్నాను. "ఎనిమిది నెలల కష్టం వృథా అవుతుంది సార్" అన్నాడు. ఆ సమాధానమే ఈ వ్యాసానికి కారణం.

ఆటను ఉచితంగా ఇచ్చే కంపెనీకి రాబడి ఎక్కడిది? 2012లో వెలువడిన రెండు ప్రసిద్ధ క్రీడలను పరిశీలిద్దాం. క్యాండీ క్రష్ సాగాలో ఆటగానికి ఐదు ప్రాణాలు; పోయిన ఒక్కొక్క ప్రాణం తిరిగి రావటానికి 30 నిమిషాలు ఆగాలి. క్లాష్ ఆఫ్ క్లాన్స్‌లో తొలి కట్టడాలు నిమిషాలలో లేస్తాయి. పోను పోను ఒక్కొక్కదానికి రోజులు పడుతుంది. ఆ గడువును ఆకుపచ్చని రత్నాలు రద్దు చేస్తాయి. రత్నాలను డబ్బిచ్చి కొనవచ్చు. అనగా విసుగును కలిగించేదీ వారే, దాని నుండి విముక్తిని అమ్మేదీ వారే. విసుగు తగ్గిస్తే బేరం తగ్గుతుంది.

ఈ పద్ధతి వెల చెల్లించి కొన్న ఆటలలోనికి కూడా ప్రాకింది. 2017 నవంబరులో స్టార్ వార్స్ బాటిల్‌ఫ్రంట్ 2 ఆటలో డార్త్ వేడర్ అనే పాత్రను పొందటానికి 60,000 క్రెడిట్లు కావలసి వచ్చాయి. దానికి సుమారు 40 గంటలు ఆడాలని ఆటగాళ్ళు లెక్క కట్టారు. ఆగ్రహం పెల్లుబికింది. కంపెనీ ఆ వెలను 15,000కు తగ్గించింది. దానితోపాటే కథాభాగం పూర్తి చేసినవారికి ఇచ్చే 20,000 క్రెడిట్ల బహుమానాన్ని 5,000కు దించింది. వర్తకుల లెక్కలు అట్లా ఉంటాయి!

మరి మనిషి ఎందుకు లొంగుతాడు? ఫెర్స్టర్, స్కిన్నర్ అను మనస్తత్వశాస్త్రజ్ఞులు 1957లో ప్రకటించిన గ్రంథంలో దీనికి ఆధారం దొరుకుతుంది. ఎన్నవ పోటుకు గింజ పడుతుందో తెలియనప్పుడు పావురం ఎడతెగక పొడుస్తూనే ఉంటుంది. ఆటలోని బహుమానపు పెట్టెలు ఆ గింజలే. ఆ గింజల లెక్క కూడా నమ్మదగినది కాకపోవచ్చు. దక్షిణ కొరియాలో మేపుల్‌స్టోరీ అనే ఆటలో డబ్బుకు అమ్మిన వస్తువుల ఫలితాల సంభావ్యతను ఆటగాళ్ళకు చెప్పకుండా తగ్గించినందుకు, 2024 జనవరిలో నెక్సాన్ సంస్థకు దాదాపు 1,160 కోట్ల వాన్‌ల జరిమానా పడింది. ఆ మార్చి నుండి సంభావ్యతలను వెల్లడించటం అక్కడ చట్టరీత్యా తప్పనిసరి అయినది.

శ్రమ యావత్తూ చెడ్డదని నా అభిప్రాయం కాదు. ఖుష్‌ఖతీ నేర్చే బాలుడు ఒకే అలిఫ్‌ను వేయి సార్లు వ్రాస్తాడు. వేయవసారి అతని చేయి మారి ఉంటుంది. గ్రైండింగ్‌లో మారేది తెర మీది అంకె మాత్రమే. ఆ అంకె కూడా కంపెనీవారి కంప్యూటరులోనిది.

ఆ విద్యార్థి చేత కాగితం మీద లెక్క వేయించాను. రోజుకు రెండు గంటలు, 240 రోజులు, 480 గంటలు. అతడు ఆ అంకెను చాలసేపు చూచాడు. తరువాత మెల్లగా అడిగాడు: "ఈ రాత్రి పన్నెండులోపు ఆట తెరవకపోతే రోజువారీ బహుమానాల వరుస తెగిపోతుంది సార్. ఈ ఒక్కరోజుకూ తెరవనా?"